మొత్తాలు కలవకపోవడం, 0.3 దొరక్కపోవడం, నాన్ రావడం: ఈ మూడింటికీ ఒకే మందు లేదు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికలతో పనిచేసే లైబ్రరీ) ఉన్న కొలతల పట్టికలో 0.3 విలువున్న వరుసలు కంటికి కనిపిస్తున్నాయి, ఫిల్టర్‌కి మాత్రం చిక్కడం లేదు. గ్రూపుల వారీ మొత్తాలు కూడితే కాలమ్ మొత్తం రావడం లేదు. అదే కాలమ్ సగటు పాండాస్‌లో అంకెగా వస్తే, నంపైలో (పైథాన్ అంకెల లైబ్రరీ) నాన్ (“ఇది అంకె కాదు” అనే గుర్తు) వస్తోంది. ఇవన్నీ పోవడానికి మీరు అన్ని కాలమ్‌లకీ రౌండ్ పెట్టి, ఆపైన ఖాళీలను సున్నాతో నింపే ఫిల్‌ఎన్‌ఏ(0) నడిపారు. అది సరైన పద్ధతేనా?

కాదు. ఆ రెండు వరుసల కోడ్‌నీ ముందు తీసెయ్యండి. మీ దగ్గరున్నవి వేర్వేరు జబ్బులు. ఫ్లోటింగ్ పాయింట్ దోషానికి (దశాంశ సంఖ్యను పరిమితమైన బిట్లలో దాచేటప్పుడు వచ్చే చిన్న తేడా) హద్దు ముందే తెలుసు, అది ఎంత ఉంటుందో లెక్కగట్టొచ్చు. లేని విలువ అంకెల దోషం కాదు, ఆ సంగతి మనకు తెలియదని చెప్పే గుర్తు. రౌండ్ మొదటిదాన్ని కప్పిపెడుతుంది. ఫిల్‌ఎన్‌ఏ(0) రెండోదాన్ని అబద్ధంగా మారుస్తుంది: “కొలవలేదు” అన్నచోట “కొలిస్తే సున్నా వచ్చింది” అని రాసేస్తుంది.

ఏది ఏ జబ్బో తేడా పరిమాణమే చెబుతుంది. మొత్తాల మధ్య తేడా విలువలో పదిహేనో అంకె దగ్గరో పదహారో అంకె దగ్గరో ఉంటే అది ఫ్లోటింగ్ పాయింట్. తేడా ఒక వరుస విలువంతో, పది వరుసల విలువంతో ఉంటే ఎక్కడో వరుసలే రాలిపోయాయి. గ్రూపుల మొత్తాలు కలవలేదంటే నేను మొదట అనుమానించేది ఈ రెండోదాన్నే. పాండాస్ గ్రూప్‌బై మామూలుగా కీ (ఏ గ్రూపో చెప్పే విలువ) ఖాళీగా ఉన్న వరుసలను చెప్పకుండా వదిలేస్తుంది. గ్రూప్‌బైకి డ్రాప్‌ఎన్‌ఏ=ఫాల్స్ ఇచ్చి మళ్లీ నడపండి, ఖాళీ కీతో ఒక గ్రూపు అదనంగా వస్తుంది. మీ తేడా దాదాపు అక్కడే దొరుకుతుంది. ఏ విలువ ఎన్నిసార్లుందో లెక్కపెట్టే వాల్యూ_కౌంట్స్ అలవాటూ ఇదే.

ఇక 0.3 సంగతి. ఫ్లోట్64 (64 బిట్ల దశాంశ సంఖ్య) రకం ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం గుర్తుకి 1 బిట్, ఘాతానికి 11, భిన్నానికి 52 బిట్లు వాడుతుంది. దశాంశంలో 1/3 ఎలా తెగదో, ద్విసంఖ్యామానంలో 0.1 అలాగే తెగదు. నిజంగా దాచుకునేది 0.1000000000000000055 దగ్గరి విలువ. 0.1 + 0.2 చేస్తే 0.30000000000000004 వస్తుంది. నేరుగా 0.3 అని రాస్తే దాని కింద మెట్టులో ఉన్న సంఖ్య వస్తుంది. రెండూ పక్కపక్క సంఖ్యలు, మధ్యలో మరో ఫ్లోట్64 సంఖ్య లేదు. అయినా సమానం కావు. పాండాస్ తెరమీద మామూలుగా ఆరు దశాంశ స్థానాలే చూపిస్తుంది కాబట్టి మీకు రెండూ 0.3గానే కనిపిస్తాయి. అసలు విలువ చూడాలంటే ఒక గడిని తీసుకుని పైథాన్ రెప్ర్‌తో అచ్చువేయండి.

ఫిల్టర్‌లో == బదులు, రెండు సంఖ్యలు చాలినంత దగ్గరో కాదో చూసే నంపై ఈజ్‌క్లోజ్ వాడమని అందరూ చెబుతారు. సరైన సలహానే, కానీ సగమే. ఈజ్‌క్లోజ్ పరీక్ష ఇది: |అ − ఆ| ≤ అటోల్ + ఆర్టోల్ × |ఆ|. ఏమీ ఇవ్వకపోతే ఆర్టోల్ (సాపేక్ష హద్దు) 10⁻⁵, అటోల్ (కేవల హద్దు) 10⁻⁸. ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, మీ కొలతలు మీటర్లలో రాసిన నానోమీటర్లయితే, అంటే 10⁻⁹ స్థాయిలో ఉంటే, 2 × 10⁻⁹, 7 × 10⁻⁹ రెండూ “దగ్గర” అయిపోతాయి. అటోల్ ఒక్కటే వాటిని మింగేస్తుంది. రెండు, సూత్రంలో కుడివైపు విలువ ఒక్కటే ఉంది, కాబట్టి స్థానాలు మారిస్తే అంచు దగ్గర జవాబు మారొచ్చు. పైథాన్ సొంత మ్యాథ్.ఈజ్‌క్లోజ్ రెండిటిలో పెద్దదాన్ని తీసుకుంటుంది. దాని సాపేక్ష హద్దు 10⁻⁹, కేవల హద్దు సున్నా. ఆ సున్నా వల్ల అది సున్నాతో దేన్ని పోల్చినా, అవతలిదీ సరిగ్గా సున్నా అయితే తప్ప, ఫాల్స్ అంటుంది. అందుకే అటోల్‌ని మీ పరికరం ఖచ్చితత్వాన్ని బట్టి పెట్టండి. 0.01 వరకే చదివే పరికరమైతే దానిలో సగం, అంటే 0.005 కంటే కొంచెం తక్కువ చాలు. అంతకంటే సన్నగా పోల్చి లాభం లేదు.

దశాంశ విలువను గ్రూప్‌బై కీగా గానీ మెర్జ్ (రెండు పట్టికలను కలపడం) కీగా గానీ ఎప్పుడూ వాడకండి. అక్కడ ఈజ్‌క్లోజ్ పెట్టే వీలుండదు. 0.30000000000000004 ఒక గ్రూపు, 0.3 ఇంకో గ్రూపు అవుతాయి. ముందే పూర్ణాంకంగా మార్చుకోండి: వెయ్యో వంతుల్లో కొలతలైతే 1000తో గుణించి, రౌండ్ చేసి, ఆ తర్వాత పూర్ణాంక రకానికి మార్చాలి. మధ్యలో రౌండ్ మరిచిపోతే ఏమవుతుందో చూడండి: 0.29 × 100 అంటే 28.999999999999996, నేరుగా పూర్ణాంకం చేస్తే 28. డబ్బు లెక్కలకీ ఇదే దారి. అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకాలుగా దాచండి, లేదా పైథాన్ డెసిమల్ వాడండి. రెండు కొలతల కాలాలు సరిగ్గా కలవని పట్టికలను కలపాలంటే దగ్గరి కాలాన్ని వెతికి కలిపే మెర్జ్_ఏసాఫ్‌కి టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకోవాలో) ఇవ్వండి.

రౌండ్ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. పైథాన్‌లో 2.675ని రెండు స్థానాలకు రౌండ్ చేస్తే 2.67 వస్తుంది, ఎందుకంటే దాచిన విలువ 2.675 కంటే రవ్వంత తక్కువ. నంపై రౌండ్ ముందు 100తో గుణిస్తుంది, ఆ గుణకారంలోనే అది సరిగ్గా 267.5 అయిపోతుంది, దాంతో 2.68 వస్తుంది. అంటే ఒకే అంకె, ఒకే పేరున్న పని, రెండు జవాబులు. సరిగ్గా మధ్యలో ఉన్న 2.5 లాంటివి రెండు చోట్లా సరిసంఖ్య వైపు, అంటే 2కి పోతాయి. కాబట్టి రౌండ్‌ని నివేదిక అచ్చువేసే చివరి మెట్టులో మాత్రమే పెట్టండి. మధ్య మెట్లలో పెడితే దోషం పోదు, పోగవుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. 0.1 + 0.2 నిరపాయమైనది, దాన్ని చూసి భయపడేవాళ్లు చాలామంది వ్యవకలనం దగ్గర జాగ్రత్తపడరు. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేస్తే ముందున్న మంచి అంకెలన్నీ కొట్టుకుపోయి, చివరి చెత్త అంకెలే మిగులుతాయి. వేరియన్స్‌ని (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) “వర్గాల సగటు నుంచి సగటు వర్గం తీసెయ్యి” అన్న పాఠ్యపుస్తక సూత్రంతో మీరే రాస్తే ఇది జరుగుతుంది. 100000001, 100000002, 100000003 తీసుకోండి. నిజమైన వేరియన్స్ (మూడుతో భాగిస్తే) 0.666… ఆ సూత్రాన్ని ఫ్లోట్64లో నడిపితే సరిగ్గా 0 వస్తుంది. వర్గాలు 10¹⁶ స్థాయికి చేరాయి, అక్కడ పక్కపక్క ఫ్లోట్64 సంఖ్యల మధ్య దూరమే 2. కొన్ని డేటాల్లో ఇదే సూత్రం రుణ వేరియన్స్ ఇస్తుంది, దానికి వర్గమూలం తీస్తే నాన్. ఆ నాన్‌ని చూసి డేటాలో ఖాళీ ఉందనుకుని ఫిల్‌ఎన్‌ఏ పెట్టినవాళ్లున్నారు. లైబ్రరీ ఇచ్చే వార్ (వేరియన్స్), ఎస్‌టీడీ (దాని వర్గమూలం) వాడండి. సొంతంగా రాయక తప్పదంటే ముందు సగటు లెక్కగట్టి, తేడాల వర్గాలు కూడండి. డేటా ప్రవాహంలా వస్తుంటే, ఒక్కో విలువ రాగానే లెక్కను సరిదిద్దే వెల్ఫర్డ్ పద్ధతి (1962) వాడండి. టైమ్‌స్టాంప్‌లు, భౌగోళిక అక్షాంశాలు, పెద్ద మీటర్ రీడింగులు లాంటివాటిలో ముందు ఒక స్థిర విలువ తీసేసి పని మొదలుపెట్టడం అన్నింటికంటే తేలిక.

పాండాస్ ఎస్‌టీడీ, నంపై ఎస్‌టీడీ వేరుగా వస్తే దాన్ని ఫ్లోటింగ్ పాయింట్ ఖాతాలో వెయ్యకండి. పాండాస్ మామూలుగా (విలువల సంఖ్య − 1)తో భాగిస్తుంది, నంపై విలువల సంఖ్యతోనే భాగిస్తుంది. పది విలువలకు తేడా 5 శాతం పైనే ఉంటుంది. హారంలో ఎంత తగ్గించాలో చెప్పే డీడాఫ్ రెండు చోట్లా ఒకటే ఇవ్వండి.

కూడికలో దోషం క్రమాన్ని బట్టి మారుతుంది. (0.1 + 0.2) + 0.3 అంటే 0.6000000000000001, 0.1 + (0.2 + 0.3) అంటే 0.6. అందుకే పనిని కోర్లకు పంచే లైబ్రరీలో అదే డేటాకి రెండుసార్లు చివరి అంకె వేరుగా రావచ్చు, అది బగ్ కాదు. నంపై సమ్ జతలుగా కూడుతుంది కాబట్టి దోషం నెమ్మదిగా పెరుగుతుంది, అయితే మెమరీలో వరుసగా ఉన్న అక్షం మీద కూడినప్పుడే. ఎక్కడికక్కడ అప్పటిదాకా మొత్తం ఇచ్చే క్యుమ్‌సమ్‌కి ఆ రక్షణ లేదు. పైథాన్ సమ్‌కి 3.12 నుంచి దోషం సరిదిద్దే పద్ధతి వచ్చింది: పది 0.1లు కూడితే పాత వెర్షన్లలో 0.9999999999999999, ఇప్పుడు 1.0. పూర్తి ఖచ్చితత్వం కావాలంటే మ్యాథ్.ఎఫ్‌సమ్ ఉంది, నెమ్మది.

మెమరీ ఆదా కోసం ఫ్లోట్32 పెట్టారా? అక్కడ పూర్ణాంకాలు 2²⁴, అంటే 16777216 వరకే ఖచ్చితం. ఆ సంఖ్యకి 1 కలిపితే అదే సంఖ్య. ఫ్లోట్32 ఒకట్ల అర్రేని క్యుమ్‌సమ్ చేస్తే అక్కడే ఆగిపోతుంది, ఎన్ని కోట్ల ఒకట్లున్నా సరే. దాచడానికి ఫ్లోట్32 వాడండి, కానీ నంపై సమ్‌కీ మీన్‌కీ డీటైప్ (సంఖ్య రకం) ఫ్లోట్64 అని చెప్పండి. అర్రే అలాగే ఉంటుంది, కూడే పెట్టె మాత్రం పెద్దదవుతుంది. మరీ చిన్న మార్పుల లాగరిథమ్‌లకు లాగ్1పీ వాడండి. 1కి 10⁻¹⁷ కలిపితే 1గానే ఉంటుంది, దాని లాగ్ సున్నా. లాగ్1పీ అయితే 10⁻¹⁷ని కాపాడుతుంది.

ఫ్లోటింగ్ పాయింట్ వరకు ఇది చాలు. నన్నడిగితే దానికంటే ఎక్కువ నష్టం జరిగేది లేని విలువల దగ్గరే, ఎందుకంటే అక్కడ తేడా పదహారో అంకెలో ఉండదు.

ముందు ఫైలు చదివే చోట చూడండి. రీడ్_సీఎస్‌వీ ఖాళీ గడినే కాదు, ఎన్ఏ, ఎన్/ఏ, నల్, నాన్ అనే అక్షరాలను కూడా లేని విలువలుగా తీసుకుంటుంది. రెండక్షరాల దేశ సంకేతాల కాలమ్‌లో నమీబియా సంకేతం సరిగ్గా ఆ ఎన్ఏనే, దేశం మొత్తం మాయమవుతుంది. అలాంటి కాలమ్ ఉంటే కీప్_డిఫాల్ట్_ఎన్ఏ=ఫాల్స్ ఇచ్చి, ఎన్ఏ_వాల్యూస్‌ని కాలమ్ వారీగా మీరే రాయండి. దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది: లేని కొలతకి పరికరాలు −999 అనో 9999 అనో రాస్తాయి. వాటిని చెప్పకపోతే సగటులో నిజమైన విలువల్లా కలిసిపోతాయి. ప్రతి అంకెల కాలమ్‌కీ అతి చిన్న, అతి పెద్ద విలువలు, తరచుగా వచ్చే ఐదు విలువలు చూస్తే ఇవి వెంటనే బయటపడతాయి.

తర్వాత రకం మారిపోవడం. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా పాండాస్ మామూలుగా కాలమ్ మొత్తాన్ని ఫ్లోట్64 చేస్తుంది. ఫ్లోట్64లో పూర్ణాంకాలు 2⁵³, అంటే 9007199254740992 వరకే నమ్మదగినవి. 9007199254740993 అనే గుర్తింపు సంఖ్య చదివితే చివర 2గా మారుతుంది, ఏ హెచ్చరికా రాదు. రెండు సమస్యలూ కలిసి పనిచేసే చోటు ఇదే. గుర్తింపు సంఖ్యలతో కూడికలు చెయ్యరు కదా, వాటిని స్ట్రింగ్‌గా చదవండి, ముందున్న సున్నాలు కూడా దక్కుతాయి. నిజంగా లెక్కపెట్టే పూర్ణాంకాలైతే పెద్ద ‘ఐ’తో మొదలయ్యే, ఖాళీలను ఒప్పుకునే నల్లబుల్ ఇంట్64 రకం ఉంది.

ఇక పోలికలు. నాన్ దేనితోనూ సమానం కాదు, తనతో కూడా. అందుకే == తో వెతికితే ఎప్పుడూ దొరకదు, ఈజ్ఎన్ఏ వాడాలి. దాని పర్యవసానం ఇంకా పెద్దది: విలువ 5 కంటే ఎక్కువ అన్న వరుసలు, 5 లేదా తక్కువ అన్న వరుసలు కలిపితే మొత్తం వరుసలు రావు. ఖాళీలు రెండిటిలోనూ పడవు. అదే “5 కాదు” అని అడిగితే ఖాళీలన్నీ ట్రూ అవుతాయి. అన్నింటికంటే ఎక్కువగా కనిపించే తప్పు నంపై వేర్‌తో చేసేది: 5 దాటితే “ఎక్కువ”, లేకపోతే “తక్కువ” అని రాస్తే, కొలవనివన్నీ “తక్కువ”లోకి వెళ్లి కూర్చుంటాయి. మూడో గది తప్పనిసరిగా పెట్టండి, నంపై సెలెక్ట్‌లో మొదటి షరతే ఈజ్ఎన్ఏ ఉండాలి. కాలమ్‌ని బూల్‌గా (ట్రూ/ఫాల్స్ రకం) మారిస్తే నాన్ ట్రూ అవుతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

నల్లబుల్ రకాల్లో ఉండే పీడీ.ఎన్ఏ, 2020 జనవరిలో పాండాస్ 1.0తో వచ్చింది, ఇంకాస్త నిజాయితీగా ఉంటుంది. దాన్ని 5తో పోలిస్తే జవాబు ఫాల్స్ రాదు, “తెలియదు” అనే వస్తుంది. ఎన్ఏ లేదా ట్రూ అంటే ట్రూ, ఎన్ఏ మరియు ఫాల్స్ అంటే ఫాల్స్, మిగతావి ఎన్ఏ. నేరుగా ఇఫ్‌లో పెడితే ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే. కాకపోతే నల్లబుల్ ఫ్లోట్ కాలమ్‌లో 0/0 నుంచి పుట్టిన నాన్‌ని ఈజ్ఎన్ఏ పట్టుకుంటుందా లేదా అన్నది వెర్షన్‌ని బట్టి మారింది, కాబట్టి మీ వెర్షన్‌లో రెండు గడుల పట్టికతో ఒకసారి పరీక్షించండి. పోలార్స్ అనే ఇంకో పట్టికల లైబ్రరీలో నల్ (లేని విలువ), నాన్ పూర్తిగా వేరు: మీన్ నల్‌ని దాటేస్తుంది, నాన్ ఉంటే మాత్రం జవాబే నాన్ అవుతుంది. ఫిల్_నల్, ఫిల్_నాన్ కూడా వేరువేరు.

సగటు తేడాకి కారణం ఇదే తరహాది. పాండాస్ మామూలుగా ఖాళీలను దాటేస్తుంది, నంపై మీన్ దాటెయ్యదు, అక్కడ నాన్‌మీన్ వాడాలి. దాటెయ్యడం వల్ల వచ్చే ఇబ్బంది రెండు చోట్ల. మొత్తం ఖాళీగా ఉన్న గ్రూపుకి పాండాస్ సమ్ 0 ఇస్తుంది, ఏమీ కొలవని రోజు “సున్నా” రోజవుతుంది. మిన్_కౌంట్=1 ఇస్తే నాన్ వస్తుంది. రెండోది భారిత సగటు: విలువ × భారం కూడి, భారాల మొత్తంతో భాగిస్తారు. విలువ లేని వరుస పైన రాలిపోతుంది, కింద దాని భారం మాత్రం మిగిలే ఉంటుంది. సగటు ఎప్పుడూ సున్నా వైపు జారుతుంది. విలువ ఉన్న వరుసల భారాలే కింద కూడాలి.

మెర్జ్‌లో పాండాస్ ఎస్‌క్యూఎల్‌లా (డేటాబేస్‌లను ప్రశ్నించే భాష) ఉండదు. ఎస్‌క్యూఎల్‌లో నల్ కీ దేనితోనూ కలవదు, పాండాస్‌లో ఖాళీ కీ ఖాళీ కీతో కలుస్తుంది. ఎడమ పట్టికలో 3, కుడిలో 4 ఖాళీ కీలుంటే 12 దొంగ వరుసలు పుడతాయి. మెర్జ్‌కి ముందు ఖాళీ కీలు పక్కన పెట్టండి, కీలు మళ్లీ మళ్లీ వచ్చాయేమో చూసే వ్యాలిడేట్ కూడా ఇవ్వండి.

సున్నాతో భాగిస్తే పాండాస్ ఎర్రర్ ఇవ్వదు, ఇన్ఫ్ (అనంతం) ఇస్తుంది. ఈజ్ఎన్ఏకి ఇన్ఫ్ కనపడదు, ఫిల్‌ఎన్‌ఏ దాన్ని తాకదు, ఒక్క ఇన్ఫ్ చాలు సగటు మొత్తం ఇన్ఫ్ కావడానికి. భాగహారం జరిగిన ప్రతి కాలమ్‌కీ నంపై ఈజ్‌ఫైనైట్‌తో లెక్క చూడండి.

నింపడం విషయానికి వస్తే, విలువ ఎందుకు లేదో తెలిసేదాకా నింపకండి. ఎందుకు లేదన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది: యాదృచ్ఛికంగా పోయిందా, ఇంకో కాలమ్‌ని బట్టి పోయిందా, లేక ఆ విలువ వల్లే పోయిందా. ఉదాహరణకి సెన్సర్ హద్దు దాటిన వేడిని రాయకపోతే, లేనివన్నీ ఎక్కువ విలువలే. వాటిని సగటుతో నింపడం తెలిసి తెలిసి తప్పు రాయడం. యాదృచ్ఛికంగా పోయినా సగటుతో నింపితే విస్తృతి కుంచించుకుపోతుంది: 30 శాతం ఖాళీలుంటే వేరియన్స్ ఉన్న విలువల వేరియన్స్‌లో 70 శాతానికి పడుతుంది, సహసంబంధాలు బలహీనపడతాయి. నింపక తప్పదంటే, నింపిన గడులను గుర్తించే ట్రూ/ఫాల్స్ కాలమ్ ఒకటి పక్కన ఉంచండి. మోడల్ కోసమైతే ఖాళీలు నింపే సింపుల్‌ఇంప్యూటర్‌ని శిక్షణ భాగం మీదే ఫిట్ చెయ్యాలి, యాడ్_ఇండికేటర్ ఆ గుర్తు కాలమ్‌ని తనే ఇస్తుంది.

కాలక్రమ డేటాలో, ముందున్న విలువతో ఖాళీని నింపే ఎఫ్‌ఫిల్‌ని గ్రూప్‌బై లోపల నడపండి, లేకపోతే ఒక సెన్సర్ చివరి విలువ తర్వాతి సెన్సర్ మొదటి ఖాళీలోకి కారుతుంది. వరుసగా ఎన్ని ఖాళీలు నింపొచ్చో చెప్పే లిమిట్ కూడా పెట్టండి. తర్వాతి విలువతో నింపే బీఫిల్ భవిష్యత్తుని వెనక్కి తెస్తుంది, అంచనా మోడల్‌లో దానికి చోటు లేదు. మధ్య విలువలను అంచనా కట్టి నింపే ఇంటర్‌పొలేట్, ఏమీ చెప్పకపోతే వరుసలన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుంటుంది, కాలం మధ్య దూరాలు మారుతుంటే మెథడ్ టైమ్ అని చెప్పాలి. చివర ఉన్న ఖాళీలను కూడా అది చివరి విలువతో నింపేస్తుంది. వద్దంటే లిమిట్_ఏరియా ఇన్‌సైడ్ ఇవ్వండి.

మీ పట్టిక మీద పని ఈ క్రమంలో చెయ్యండి. రౌండ్, ఫిల్‌ఎన్‌ఏ తీసేశాక ఫైలుని రకాలు చెప్పి మళ్లీ చదవండి. ప్రతి కాలమ్‌కీ ఖాళీల సంఖ్య, ఇన్ఫ్‌ల సంఖ్య, మొత్తం వరుసల సంఖ్య రాసుకోండి. ప్రతి ఫిల్టర్, గ్రూప్‌బై, మెర్జ్ తర్వాత ఆ మూడు సంఖ్యలూ మళ్లీ చూడండి. 0.3 ఫిల్టర్‌ని పూర్ణాంక కీకి మార్చండి. ఆపైన ఆరు వరుసల పరీక్ష పట్టిక ఒకటి కట్టండి: అందులో ఒక ఖాళీ కీ, ఒక ఖాళీ విలువ, ఒక సున్నా హారం, 0.1 + 0.2తో పుట్టిన ఒక విలువ, పూర్తిగా ఖాళీ గ్రూపు ఒకటి ఉండాలి. ఆశించిన జవాబుని చేత్తో రాసి, అసర్ట్_ఫ్రేమ్_ఈక్వల్‌తో పోల్చండి. అది ఒకే స్థానంలో ఉన్న నాన్‌లను సమానంగా తీసుకుంటుంది. దాని ఆర్టోల్ మామూలుగా 10⁻⁵, మీ లెక్కకి అది వదులైతే 10⁻⁹కి బిగించండి.